డిస్కో పాటల్లో ఏది ఎప్పుడు వినాలి?

డిస్కో పాటలు విందామని యాప్‌లో వెతికితే ‘వంద గొప్ప డిస్కో పాటలు’ లాంటి లిస్టులు కుప్పలుగా వస్తాయి. ఏది తెరిచినా మొదటి పదిలో ఇంచుమించు అవే పాటలు ఉంటాయి. బీ జీస్ ‘స్టేయిన్ ఎలైవ్’, గ్లోరియా గేనర్ ‘ఐ విల్ సర్వైవ్’, ఆబా ‘డాన్సింగ్ క్వీన్’, విలేజ్ పీపుల్ ‘వై.ఎమ్.సి.ఎ.’, డోనా సమ్మర్ ‘ఐ ఫీల్ లవ్’. అన్నీ మంచి పాటలే, కాదనను. కానీ సంగీత్‌లో జనాన్ని కుర్చీల్లోంచి లేపే పాట రాత్రి ఒంటరిగా వింటే పేలవంగా ఉండొచ్చు. హెడ్‌ఫోన్స్‌లో మతిపోగొట్టే పాటను ఫోన్ స్పీకర్‌లో పెడితే ‘ఇందులో ఏముందని?’ అనిపించొచ్చు. అందుకే పాట పేరు చూసేముందు ఎవరితో వింటున్నారు, దేనిమీద వింటున్నారు అన్నది తేల్చుకోండి. కింద చెప్పేదంతా ఆ లెక్క ప్రకారమే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. వేటూరి, సిరివెన్నెల పాటలకు అలవాటుపడ్డ చెవులతో ఇక్కడ సాహిత్యం వెతక్కండి. 1975లో అమెరికాలో నంబర్ వన్‌కు చేరిన సిల్వర్ కన్వెన్షన్ పాట ‘ఫ్లై, రాబిన్, ఫ్లై’ మొత్తంలో వాడిన మాటలు ఆరంటే ఆరే. వాటినే తిప్పితిప్పి పాడతారు. డిస్కోలో కథంతా డ్రమ్స్, బేస్, వయొలిన్ల దగ్గరే నడుస్తుంది.

మూడు ఊళ్లు, మూడు రుచులు

డిస్కో అంతా ఒకటే మోత అనుకునేవాళ్లు సాధారణంగా ఒకే ఊరి పాటలు విని ఉంటారు. నేనైతే దీన్ని ఫిలడెల్ఫియా, మ్యూనిక్, న్యూయార్క్ అని మూడుగా విడదీస్తాను. మీకు ఏ ఊరి రుచి పడుతుందో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఫిలడెల్ఫియాది వాద్యబృందం పద్ధతి. కెన్నీ గ్యాంబుల్, లియాన్ హఫ్ అనే జంట అక్కడి సిగ్మా సౌండ్ స్టూడియోలో వయొలిన్లు, ట్రంపెట్లు, గిటార్లు అన్నీ మనుషుల చేతే వాయించి రికార్డు చేసేది. 1973లో హెరాల్డ్ మెల్విన్ అండ్ ద బ్లూ నోట్స్ కోసం ‘ద లవ్ ఐ లాస్ట్’ అనే పాట చేశారు. మొదట దాన్ని నెమ్మదైన పాటగా అనుకున్నారట. వేగం పెంచాక డ్రమ్మర్ ఎర్ల్ యంగ్ కిక్ డ్రమ్‌ను (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) నాలుగు లెక్కల మీదా సమానంగా కొట్టి, మధ్యమధ్యలో హై-హ్యాట్‌ను (డ్రమ్ సెట్‌లోని జంట తాళాలు) ‘త్స్‌స్’ అని తెరిచి మూశాడు. తర్వాత పదేళ్లపాటు ప్రపంచమంతా డిస్కో డ్రమ్ అంటే అదే. ఆయన ‘ద ట్రాంప్స్’ బృందంలోనూ ఉన్నాడు. వాళ్ల ‘డిస్కో ఇన్‌ఫర్నో’ పూర్తి వెర్షన్ దాదాపు పదకొండు నిమిషాలు. మన సినిమా పాటల్లో వయొలిన్ల వరసలు ఎక్కడ లేస్తాయా అని ఎదురుచూసేవాళ్లు ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి. ఇందులో చెమట వాసన ఉంటుంది, యంత్రం వాసన ఉండదు.

మ్యూనిక్ పూర్తిగా దీనికి ఎదురు. ఇటలీ నుంచి వచ్చిన జార్జియో మొరోడర్, ఇంగ్లాండు నుంచి వచ్చిన పీట్ బెలాట్, నాటకాల్లో పాడటానికి అమెరికా నుంచి జర్మనీ వచ్చి అక్కడే ఉండిపోయిన డోనా సమ్మర్. 1977లో ఈ ముగ్గురూ చేసిన ‘ఐ ఫీల్ లవ్’లో గొంతు, కిక్ డ్రమ్ తప్ప మిగతాదంతా ఇంచుమించు మూగ్ సింథసైజర్ నుంచి వచ్చిందే. అప్పట్లో ఆ యంత్రం కాసేపు వాడగానే శ్రుతి తప్పేది. దాంతో చిన్న చిన్న ముక్కలుగా రికార్డు చేసుకుంటూ పోయారు. సంగీత నిర్మాత బ్రయన్ ఈనో ఈ పాట వినగానే ‘రాబోయే కాలపు శబ్దం ఇదే’ అని గాయకుడు డేవిడ్ బౌవీ దగ్గరికి పరిగెత్తాడన్న కథ బౌవీ స్వయంగా చెప్పినదే. ఇవాళ క్లబ్బుల్లో వినిపించే ఎలక్ట్రానిక్ సంగీతంలో చాలా భాగం దీని సంతానమే.

ఇక్కడే దేనిమీద వింటారన్న ప్రశ్న అసలుగా వస్తుంది. ఈ పాటలో బేస్ ఎడమ చెవిలో ఒకసారి కొడుతుంది. క్షణంలో దాని ప్రతిధ్వని కుడి చెవిలో పడుతుంది. ఈ రెండూ కలిసి పరుగు తీస్తున్నట్టు అనిపిస్తుంది. ఒంటి స్పీకర్ ఉన్న బ్లూటూత్ డబ్బాలో పెడితే రెండూ ఒకదానిమీద ఒకటి పడి ఆ పరుగు పోతుంది. ఈ పాట వినేవాళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, లేదా కారులో వినండి. రాత్రిపూట ఖాళీగా ఉన్న హైవే మీద దీన్ని మించిన డిస్కో పాట నాకు కనబడలేదు. కానీ స్పీడోమీటర్ మీద ఒక కన్ను ఉంచండి, ఈ పాట కాలిని నొక్కిస్తుంది.

మ్యూనిక్ పాటలు కొందరికి చల్లగా, ముభావంగా అనిపిస్తాయి. వాళ్లకు న్యూయార్క్.

న్యూయార్క్ అంటే నా దృష్టిలో ‘షీక్’ బృందం. గిటార్ నైల్ రాడ్జర్స్, బేస్ బెర్నార్డ్ ఎడ్వర్డ్స్, డ్రమ్స్ టోనీ థాంప్సన్. 1977 డిసెంబరు 31 రాత్రి గాయని గ్రేస్ జోన్స్ పిలిస్తే రాడ్జర్స్, ఎడ్వర్డ్స్ ‘స్టూడియో 54’ క్లబ్బుకు వెళ్లారు. గుమ్మం దగ్గర కాపలా మనిషి లోపలికి రానివ్వలేదు. ఇంటికొచ్చి ఆ మనిషిని తిట్టుకుంటూ వాయించుకున్న ట్యూన్‌లో తిట్టు తీసేసి వేరే మాట పెడితే అది ‘ల ఫ్రీక్’ అయింది. 1978 చివర్లో అమెరికాలో నంబర్ వన్ పాట అదే. తమను గెంటేసిన క్లబ్బులోనే తమ పాట మోగడం కంటే మంచి పగ ఉంటుందా?

అయినా షీక్‌లో ఒక్క పాటే ఎంచుకోమంటే నేను ‘గుడ్ టైమ్స్’ (1979) చెబుతాను. ఎడ్వర్డ్స్ వాయించిన బేస్ ఆ పాటకు వెన్నెముక. అదే ఏడాది షుగర్‌హిల్ గ్యాంగ్ ఆ బేస్ మీదే ‘రాపర్స్ డిలైట్’ కట్టింది. ర్యాప్ అనేది రేడియోల్లోకి పాకింది దానితోనే. మరుసటి ఏడాది క్వీన్ బృందం ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’లోనూ దాని నీడ స్పష్టంగా వినిపిస్తుంది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ వెంట నడవడం అలవాటున్న తెలుగు శ్రోతకు డిస్కోలో మొదటి పాటగా నేనిచ్చేది ఇదే. పాట మధ్యలో అన్నీ ఆగి బేస్ ఒక్కటే మిగిలే చోటు ఒకటుంది. అక్కడ మీకు ఒళ్లు కదలకపోతే డిస్కో మీకు పడదు. ఊరికే సమయం వృథా చేసుకోకుండా వేరేది వినొచ్చు.

షీక్ రుచి నచ్చింది కానీ మరికాస్త గుండె కావాలనుకుంటే అదే జంట సిస్టర్ స్లెడ్జ్ కోసం చేసిన ‘వీ ఆర్ ఫ్యామిలీ’ ఉంది.

పెళ్లికో, పార్టీకో పాటలు వరసపెట్టాలంటే

ఇక్కడ ఒక్క పాట ఎంపిక కాదు, వరస ముఖ్యం. చాలామంది అందరికీ తెలిసిన పాటతో మొదలుపెట్టి అరగంటలో బాణసంచా మొత్తం కాల్చేస్తారు. వేగాన్ని బట్టి మెట్లు కట్టుకోండి. నిమిషానికి సుమారు 100 బీట్ల పాటలు ముందు, 110, 120 తర్వాత, 125 దాటినవి చివర్లో.

మొదటి మెట్టుకు ‘డాన్సింగ్ క్వీన్’ సరిగ్గా సరిపోతుంది. వేగం నిమిషానికి 100 చుట్టూ ఉంటుంది. చీర కట్టుకున్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా అడుగు కలపగలరు. పైగా ఈ పాటకు పెళ్లితో అసలైన సంబంధమే ఉంది. 1976 జూన్‌లో స్వీడన్ రాజు కార్ల్ గుస్తాఫ్ పెళ్లికి ముందు రోజు జరిగిన వేడుకలో ఆబా దీన్ని పాడింది, రికార్డు బయటికి రాకముందే. అమెరికాలో ఆబాకు దక్కిన ఒకే ఒక్క నంబర్ వన్ కూడా ఇదే.

తర్వాత ‘గుడ్ టైమ్స్’, ‘ల ఫ్రీక్’. జనం వేడెక్కాక ఎర్త్, విండ్ అండ్ ఫైర్ ‘సెప్టెంబర్’ (1978). దీని పల్లవిలో అర్థం లేని కూతలున్నాయి. పాట రాయడంలో పాలుపంచుకున్న ఆలీ విల్లిస్ వాటికి బదులు అసలు మాటలు పెడదామని మొత్తుకుందట. బృందం నాయకుడు మారిస్ వైట్ వినలేదు. ఆయన మొండితనం మనకు మంచిదైంది. ఇంగ్లిష్ రాని మామయ్య కూడా గొంతెత్తి పాడే డిస్కో పాట ఇది.

‘వై.ఎమ్.సి.ఎ.’ సంగతి వేరు. సంగీతంగా నాకు అంత గొప్పగా అనిపించదు. కానీ చేతులతో నాలుగు అక్షరాలు వేయడం అయిదేళ్ల పిల్ల నుంచి తాతగారి దాకా అందరికీ వస్తుంది. ఆ చేతుల విన్యాసం కూడా బృందం వాళ్ల ఆలోచన కాదు, ‘అమెరికన్ బ్యాండ్‌స్టాండ్’ అనే టీవీ షోలో ప్రేక్షకులు మొదలుపెట్టింది. ఫ్లోర్ మీద జనం పలచబడినప్పుడు మళ్లీ లాగడానికి దీన్ని దాచి ఉంచుకోండి.

ముగింపుకు డోనా సమ్మర్ ‘లాస్ట్ డాన్స్’. నెమ్మదిగా మొదలై ఉన్నట్టుండి వేగం అందుకుంటుంది. ఒక సినిమాలో వాడిన ఈ పాటకు ఆస్కార్ కూడా వచ్చింది. డీజేకి మాత్రం ముందే చెప్పండి. మొదటి నిమిషం విని ‘ఇదేదో స్లో సాంగ్’ అని మార్చేసే ప్రమాదం ఉంది.

ఇంకో చిన్న జాగ్రత్త. మన బారాత్‌లలో తీన్‌మార్ డప్పు మీద కాలు మూడు లెక్కల్లో ఊగుతుంది. డిస్కోలో నాలుగు. తీన్‌మార్ పీక్‌లో ఉండగా సడెన్‌గా డిస్కో పెడితే అందరి అడుగులూ తడబడి ఫ్లోర్ ఖాళీ అవుతుంది. మధ్యలో కేకు కోయడమో, ఫొటోలో, ఏదో ఒక విరామం ఇవ్వండి.

నడకకు, పాడుకోవడానికి

పొద్దున్నే నడిచేవాళ్లకు ‘స్టేయిన్ ఎలైవ్’. దీని వేగం నిమిషానికి దాదాపు 104. చురుగ్గా నడిచేవాళ్ల అడుగు ఇంచుమించు అంతే పడుతుంది. ‘సాటర్‌డే నైట్ ఫీవర్’ సినిమా మొదట్లో జాన్ ట్రవోల్టా వీధిలో నడుస్తుంటే వచ్చేదీ ఇదే పాట. ఇంకో విశేషం, పాట రికార్డింగు జరుగుతుండగా డ్రమ్మర్ ఇంటి దగ్గర ఇబ్బంది వచ్చి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు ‘నైట్ ఫీవర్’ పాట టేపులోంచి డ్రమ్స్ ముక్క ఒకటి కత్తిరించి, చుట్టలా అంటించి తిప్పుతూ పాటంతా లాగించారు. మనిషి కొడితే వచ్చే చిన్న హెచ్చుతగ్గులు ఇందులో లేనిది అందుకే. లేని ఆ డ్రమ్మర్‌కు ‘బెర్నార్డ్ లూప్’ అని దొంగ పేరు కూడా పెట్టారు.

గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేసేటప్పుడు నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలి. ఆ వేగం గుర్తుండటానికి శిక్షణల్లో ఈ పాటనే మనసులో పాడుకోమంటారు. డిస్కో నచ్చనివాళ్లు కూడా ఈ ఒక్క పాట లయ గుర్తుపెట్టుకుంటే మంచిది.

పాడటం మాత్రం దీనితో పెట్టుకోకండి. బీ జీస్ గాయకుడు బ్యారీ గిబ్ దొంగగొంతులో పాడిన శ్రుతి కేరియోకీలో పరువు తీస్తుంది. పాడుకోవడానికి ‘ఐ విల్ సర్వైవ్’ నయం. ఒకే గొంతు, వెనక కోరస్ లేదు, కథ సూటిగా సాగుతుంది. 1978లో కంపెనీ ఈ పాటను రికార్డుకు వెనకవైపు పడేసింది. ముందు వైపు ఉన్నది ‘సబ్‌స్టిట్యూట్’ అనే మరో పాట. క్లబ్ డీజేలు రికార్డు తిప్పేసి వెనకవైపే వాయించడంతో జనం అడగడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో వెన్నెముక ఆపరేషన్ అయిన గేనర్ నడుముకు పట్టీ కట్టుకుని దీన్ని పాడింది. 1980లో ఉత్తమ డిస్కో రికార్డింగ్‌గా గ్రామీ వచ్చింది. ఆ అవార్డు ఇచ్చింది ఆ ఒక్క ఏడాదే. తర్వాత ఆ విభాగాన్నే ఎత్తేశారు.

ఎందుకు ఎత్తేశారంటే అప్పటికి అమెరికాలో గాలి మళ్లింది. 1979 జులై 12న చికాగోలోని కోమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత డిస్కో రికార్డుల పెట్టెను పేల్చేశాడు. వేలమంది మైదానంలోకి దూకారు, రెండో మ్యాచ్ రద్దయింది. కోపం అంతా సంగీతం మీదే అంటే నేను నమ్మను. డిస్కో పుట్టింది నల్లజాతివాళ్లు, లాటిన్ అమెరికన్లు, స్వలింగ సంపర్కులు కలిసే క్లబ్బుల్లో అన్నది మర్చిపోకూడదు. అయితే 1979 నాటికి ప్రతి కంపెనీ ప్రతి పాటకూ డిస్కో డ్రమ్ తగిలించి అమ్మిన మాటా నిజమే. అందుకే ఆ ఏడాది పాటల్లో తాలు ఎక్కువ. తెలియని పాట ఎంచుకునేటప్పుడు 1974 నుంచి 1978 మధ్యది అయితే కళ్లు మూసుకుని వినండి, 1979ది అయితే ఎవరు చేశారో చూసి వినండి.

మన డిస్కో

అక్కడ దుకాణం కట్టేశాక ఇక్కడ తెరిచారు. 1980లో ‘ఖుర్బానీ’ సినిమాలో ‘ఆప్ జైసా కోయీ’ వచ్చింది. పాడింది పదిహేనేళ్ల పాకిస్తానీ అమ్మాయి నాజియా హసన్. సంగీతం బిడ్డు. బెంగళూరు నుంచి ఇంగ్లాండు వెళ్లిన ఈయన 1974లోనే కార్ల్ డగ్లస్‌తో ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ చేయించి ప్రపంచాన్ని ఊపేశాడు. అంటే మనం డిస్కోను దిగుమతి చేసుకున్నామనే మాట పూర్తిగా నిజం కాదు, దాన్ని తయారుచేసినవాళ్లలో మనవాడూ ఉన్నాడు. నాజియా, బప్పీ లహరి ఇద్దరిలో ఎవరంటే, హెడ్‌ఫోన్స్‌కు నాజియా, హాలుకు బప్పీ. నాజియా గొంతులో ఒక నిర్లక్ష్యం ఉంటుంది, పాట నడుస్తున్నా ఆమెకు పట్టనట్టు. అదే ఆ పాట అందం.

బప్పీ లహరి పాటల్లో ‘జిమ్మీ జిమ్మీ’ (‘డిస్కో డాన్సర్’, 1982) ఫ్రాన్స్ బృందం ఒట్టావన్ పాట నుంచి తీసుకున్నది. ఉషా ఉతుప్ ‘హరి ఓం హరి’కి మూలం ఇరప్షన్ బృందం పాడిన ‘వన్ వే టికెట్’. కాపీ కదా అని మూతి విరుచుకునేవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి వినండి. ఉషా ఉతుప్ గొంతు బరువు ముందు ఆ ఇంగ్లిష్ పాట తేలిపోతుందని నా అభిప్రాయం. ‘జిమ్మీ జిమ్మీ’ విషయంలో మాత్రం చెప్పలేను, రెండింటికీ వాటి సరదా వాటికుంది.

తెలుగులో బప్పీ 1986లో కృష్ణ ‘సింహాసనం’తో అడుగుపెట్టారు. రాజుల కథలో, కిరీటాల మధ్య ‘ఆకాశంలో ఒక తార’! అది 1970ల డిస్కో కాదు. డిస్కో చల్లారాక మిగిలిన సింథసైజర్లు, ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌తో కట్టిన పాట. అయినా తెలుగు పెళ్లిలో నలభై దాటినవాళ్లందరినీ ఒకేసారి లేపాలంటే ‘వై.ఎమ్.సి.ఎ.’ కంటే అదే పనికొస్తుంది.

ఇంతవరకూ ఆ బృందం పేరెత్తలేదని బోనీ ఎమ్ అభిమానులు నన్ను తిట్టుకుంటూ ఉంటారు. క్యాసెట్ల కాలంలో మన దేశంలో ఇంగ్లిష్ పాటలంటే చాలా ఇళ్లలో వాళ్లవే. ‘రస్‌పుటిన్’ ఇప్పటికీ పార్టీలో ఎప్పుడు పెట్టినా పేలుతుంది. కానీ ఆ బృందంలో మగ గొంతు వేదిక మీద గంతులేసే బాబీ ఫారెల్‌ది కాదు, స్టూడియోలో కూర్చున్న జర్మన్ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది. నాలుగు పాటల తర్వాత అన్నీ ఒకలాగే వినిపిస్తాయి కాబట్టి రెండిటితో ఆపితే మంచిది.

పాట కుదిరాక వెర్షన్

ఇది చాలామంది వదిలేసే విషయం. ఒకే పాటకు యాప్‌లో మూడున్నర నిమిషాల వెర్షన్ ఉంటుంది, ఎనిమిది నిమిషాలదీ ఉంటుంది. చిన్నది రేడియో కోసం కోసింది. పెద్దది క్లబ్బు కోసం చేసింది.

పొడుగు పాటల వెనక పాటల్ని క్లబ్బుల కోసం మిక్స్ చేసే టామ్ మౌల్టన్ అనే మనిషి ఉన్నాడు. ఆయన కోసం డిస్కు మీద పాట గాడులు కోసే ఇంజినీర్ దగ్గర ఒకరోజు ఏడు అంగుళాల ఖాళీ డిస్కులు అయిపోతే పెద్ద డిస్కు మీద కోశాడు. జాగా ఎక్కువ ఉండటంతో గాడులు వెడల్పుగా పడి శబ్దం గట్టిగా, లోతుగా వచ్చింది. అలా పన్నెండు అంగుళాల సింగిల్ (ఒక్క పాట కోసం చేసే రికార్డు) పుట్టింది. 1976లో డబుల్ ఎక్స్‌పోజర్ బృందం ‘టెన్ పర్సెంట్’తో అది దుకాణాలకూ వచ్చింది. మూడు నిమిషాల పాటను డీజే వాల్టర్ గిబ్బన్స్ పది నిమిషాల దాకా సాగదీశాడు. సాగదీయడమంటే తిప్పి తిప్పి వేయడం కాదు. గొంతు తప్పుకుంటుంది, వయొలిన్లు తప్పుకుంటాయి, డ్రమ్స్ మాత్రమే మిగులుతాయి, మళ్లీ ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ఆ ఖాళీ, ఆ తిరిగి రాకే డిస్కో.

ఒంటరిగా వింటున్నా, కారులో వింటున్నా పొడుగు వెర్షన్ ఎంచుకోండి. ‘గుడ్ టైమ్స్’, ‘ఐ ఫీల్ లవ్’, ‘డిస్కో ఇన్‌ఫర్నో’ మూడింటికీ ఇది తప్పనిసరి. సంగీత్‌లో మాత్రం రేడియో వెర్షన్లే మేలు, మన జనానికి రెండో నిమిషం తర్వాత కొత్త పాట కావాలి. ఒకే ఆల్బమ్ కొంటానంటే ‘సాటర్‌డే నైట్ ఫీవర్’ రెండు ఎల్పీల సెట్ తీసుకోండి. 1978లో 24 వారాలు వరసగా అమెరికాలో మొదటి స్థానంలో ఉన్న ఆల్బమ్ అది. బీ జీస్‌తో పాటు ట్రాంప్స్ ‘డిస్కో ఇన్‌ఫర్నో’ కూడా అందులోనే ఉంది.

చివరగా నకిలీల బెడద. నకిలీ అంటే పూర్తిగా నకిలీ కాదు. 1970ల గాయకులు చాలామంది తర్వాత చిన్న కంపెనీల కోసం తమ పాటలే మళ్లీ పాడారు. గొంతు వాళ్లదే, కానీ వెనక వయొలిన్లకు బదులు చౌక కీబోర్డు ఉంటుంది. సెర్చ్‌లో అవే ముందు కనబడొచ్చు. పేరు పక్కన ‘రీమాస్టర్డ్’ అని ఉంటే పరవాలేదు, పాత టేపునే శుభ్రం చేశారు. ‘రీ-రికార్డెడ్’ అని ఉంటే దాటేయండి. ఏమీ రాసి లేకపోతే ఆల్బమ్ బొమ్మ తెరిచి సంవత్సరం, కంపెనీ పేరు చూడండి. అదీ తేలకపోతే మొదటి పది సెకన్లలో హై-హ్యాట్ వినండి. కంచు మోగినట్టు ఉంటే అసలుది, టిక్కుటిక్కుమంటే వెనక్కి వచ్చి ఇంకోటి వెతకండి.